వినపడని మాటకు రిఫరీ ఏం చేయాలి?

2020 సెప్టెంబర్ 30న అమెరికాలోని శాన్ డియాగోలో, ఆ దేశపు రెండో శ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన యూఎస్‌ఎల్ ఛాంపియన్‌షిప్‌లో శాన్ డియాగో లాయల్, ఫీనిక్స్ రైజింగ్ జట్లు ఆడుతున్నాయి. లాయల్ 3-1తో ముందంజలో ఉంది. విరామానికి కాస్త ముందు, ఫీనిక్స్ ఆటగాడు జూనియర్ ఫ్లెమింగ్స్ తన లైంగికతను ఎత్తి చూపుతూ తిట్టాడని లాయల్ మిడ్‌ఫీల్డర్ కోలిన్ మార్టిన్ రిఫరీకి ఫిర్యాదు చేశాడు. తాను గేనని మార్టిన్ 2018లోనే బహిరంగంగా చెప్పుకున్నాడు. అతను ఫిర్యాదులో పలికిన మాటను రిఫరీ తనను ఉద్దేశించిన తిట్టుగా అర్థం చేసుకుని మార్టిన్‌కే రెడ్ కార్డు చూపించాడు. పొరపాటు బయటపడ్డాక ఆ కార్డును వెనక్కి తీసుకున్నారు. తిట్టాడన్న ఆటగాడి మీద మాత్రం మైదానంలో ఏ చర్యా లేదు. రెండో సగం మొదలవగానే లాయల్ ఆటగాళ్లు మోకాలిపై కూర్చుని, తర్వాత లేచి బయటికి నడిచారు. గెలుస్తున్న మ్యాచ్‌ను వదులుకున్నారు. ఫ్లెమింగ్స్ ఆరోపణను ఖండించినా, లీగ్ విచారణ జరిపి అతనిపై ఆరు మ్యాచ్‌ల నిషేధం విధించింది.

ఇందులో రిఫరీ తిట్టు వినకపోవడం తప్పు కాదు. ఇరవై ఇద్దరు పరుగెత్తే మైదానంలో ఎవరి చెవిలో ఎవరు ఏమన్నారో వినడం ఎవరి తరమూ కాదు. తన దాకా వచ్చిన ఫిర్యాదును నిలబడి వినకపోవడమే అసలు వైఫల్యం. ఆటగాళ్ల మధ్య దూషణ గురించి చర్చ వచ్చినప్పుడల్లా 'రిఫరీ వినలేదు, చూడలేదు, ఇక ఏం చేస్తాడు' అనే మాటతో ముగించేయడం అలవాటైపోయింది. వినని మాటకు శిక్ష వేయలేడన్నది నిజమే. కానీ ఫిర్యాదు అందిన క్షణం నుంచి రిఫరీకి చేయవలసిన పని చాలా ఉంది. ఆ పని జరిగిందా లేదా అన్నదాని మీదే తర్వాతి న్యాయమంతా ఆధారపడుతుంది.

ముందు నిబంధన సంగతి. ఫుట్‌బాల్ నియమాలను నిర్ణయించే ఐఎఫ్‌ఏబీ, పన్నెండో నియమంలో అభ్యంతరకరమైన, అవమానకరమైన, దూషణతో కూడిన మాటలు వాడడాన్నీ అలాంటి చేష్టలు చేయడాన్నీ నేరుగా రెడ్ కార్డు ఇవ్వదగ్గ తప్పుగా పేర్కొంది. ప్రత్యర్థిని అన్నా, సొంత జట్టువాణ్ణి అన్నా, రిఫరీని అన్నా శిక్షలో తేడా లేదు. ఆ తప్పుకోసమే ఆటను ఆపితే ఎదుటి జట్టుకు ఇండైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేనిది) ఇస్తారు. తన్నినా పడదోసినా డైరెక్ట్ ఫ్రీకిక్, పెనాల్టీ రావచ్చు. మాటతో చేసిన గాయానికి ఎంత పెద్దదైనా ఇండైరెక్ట్ ఫ్రీకిక్కే. ఆట తిరిగి మొదలుపెట్టే పద్ధతికి సంబంధించిన నియమమే గనుక దాన్ని తప్పుపట్టనక్కరలేదు. బరువంతా కార్డులోనే ఉంది.

అయితే ఆ నియమం రెండు వేర్వేరు విషయాలను ఒకే వాక్యంలో చుట్టేసింది. ఒకటి బూతు, రెండోది వివక్ష. పాస్ తప్పిపోయినప్పుడు తనను తానే తిట్టుకునే ఆటగాడున్నాడు. టాకిల్ తర్వాత ఎదుటివాణ్ణి అమ్మ పేరుతో తిట్టేవాడున్నాడు. ఎదుటివాడి చర్మం రంగును, కులాన్ని, మతాన్ని, లైంగికతను పట్టుకుని కించపరిచేవాడున్నాడు. మొదటిదాన్ని వదిలేయవచ్చు. రెండోదానికి గొంతు, దూరం, ఎవరెవరు విన్నారు, ఆట ఎంత వేడి మీద ఉంది వంటివన్నీ లెక్కలోకి వస్తాయి, అక్కడ రిఫరీ విచక్షణకు చోటుంది. మూడోదానికి ఏ విచక్షణా అక్కరలేదు. మెల్లగా అన్నా, నవ్వుతూ అన్నా, 'మేమిద్దరం స్నేహితులం సార్' అని తర్వాత చెప్పినా, రిఫరీ చెవిన పడితే రెడ్ కార్డే. శిక్షలోనూ ఈ తేడా కనిపిస్తుంది. మామూలు దూషణకు రెండు మూడు మ్యాచ్‌ల నిషేధంతో సరిపెడతారు. వివక్షకు ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏల క్రమశిక్షణ నియమావళుల్లో కనీస నిషేధమే పది మ్యాచ్‌లు.

శిక్ష అంత భారీగా ఉంది గనుకే చిక్కు వస్తుంది. పది మ్యాచ్‌లంటే ఒక ఆటగాడి సీజన్‌లో పెద్ద భాగం. అంత శిక్షకు ఆధారం గట్టిగా ఉండాలని విచారణ సంఘాలు అంటాయి. ఆధారమేమో ఇద్దరి మధ్య గడిచిన రెండు సెకన్ల మాట. 2024 మార్చి 17న మిలాన్‌లో ఇంటర్, నాపోలి మ్యాచ్ చూడండి. ఇంటర్ డిఫెండర్ ఫ్రాంచెస్కో అసెర్బీ తన రంగును పట్టుకుని తిట్టాడని నాపోలి డిఫెండర్ జువాన్ జెసుస్ రిఫరీ ఫెడెరికో లా పెన్నా దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆ వారాంతంలో జాత్యహంకార వ్యతిరేక నినాదంతో ఆటగాళ్లంతా చొక్కాలకు బ్యాడ్జీ కుట్టించుకుని ఆడుతున్నారు. జువాన్ జెసుస్ తన బ్యాడ్జీని వేలితో చూపిస్తూ మాట్లాడాడు. రిఫరీ విన్నాడు, ఆట సాగింది. నాపోలికి స్కోరు సమం చేసిన గోల్ కొట్టింది కూడా జువాన్ జెసుసే.

మ్యాచ్ తర్వాత జువాన్ జెసుస్, అసెర్బీ క్షమాపణ చెప్పాడని, విషయం మైదానంలోనే ముగిసిందని అన్నాడు. మర్నాడు అసెర్బీ తానసలు జాత్యహంకారంతో ఏమీ అనలేదన్నాడు. దాంతో జువాన్ జెసుస్ జరిగిందంతా రాసి ప్రకటన విడుదల చేయక తప్పలేదు. పది రోజులైనా గడవకముందే ఇటలీ లీగ్ క్రీడా న్యాయమూర్తి, తిట్టు వివక్షతో కూడినదనడానికి తగిన రుజువు లేదంటూ అసెర్బీని శిక్ష లేకుండా వదిలేశారు. లీగ్ నడిపే జాత్యహంకార వ్యతిరేక కార్యక్రమాల్లో ఇక పాల్గొనబోమని నాపోలి క్లబ్ ప్రకటించింది.

ఎవరు నిజం చెప్పారో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. రిఫరీలు గమనించవలసింది వేరే ఉంది. మైదానంలో ఇద్దరినీ కలిపి, చేతులు కలిపించి, 'అయిపోయింది, ఆడండి' అనే రాజీ ఎంత ప్రమాదకరమో ఇక్కడ తెలుస్తుంది. క్షమాపణ నోటి మాటగా మిగిలితే మర్నాటికి దానికి సాక్ష్యం ఉండదు. ఫిర్యాదు చేసినవాడు పెద్దమనసుతో తగ్గితే, ఆ తగ్గడమే తర్వాత అతని మాటను బలహీనం చేస్తుంది. ఒకడు ఫిర్యాదు చేసి రెండోవాడు క్షమించమన్నాడంటే ఆ రెండూ రిఫరీ కాగితం మీదికి రావాలి. రాజీ కుదర్చడం రిఫరీ పని కాదు. సాక్ష్యం చెదిరిపోకుండా కాపాడడం అతని పని.

సాక్ష్యం ఎలా నిలుస్తుందో లూయిస్ సువారెజ్, పాట్రిస్ ఎవ్రా వ్యవహారంలో చూడవచ్చు. 2011 అక్టోబర్ 15న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ ఆడాయి. లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్ తన రంగును ప్రస్తావిస్తూ మాట్లాడాడని యునైటెడ్ ఆటగాడు ఎవ్రా మ్యాచ్ అయ్యాక మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌తో కలిసి రిఫరీ ఆండ్రె మారినర్ గదికి వెళ్లి చెప్పాడు. మైదానం బయట ఉండి రిఫరీకి సాయపడే ఫోర్త్ అఫీషియల్ ఫిల్ డౌడ్ ఆ మాటలను అప్పటికప్పుడు రాసుకున్నాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నియమించిన స్వతంత్ర కమిషన్, టీవీ దృశ్యాలతో పాటు ఎవరు ఎప్పుడు ఎవరికి ఏం చెప్పారన్న వరుసను కూడా తూచి చూసి, ఎవ్రా మాట నమ్మదగినదని తేల్చింది. సువారెజ్‌కు ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 40,000 పౌండ్ల జరిమానా పడ్డాయి. కమిషన్ తన కారణాలను 115 పేజీల్లో వివరించింది. మ్యాచ్ ముగిసిన నిమిషాల్లో ఒక అధికారి కాగితం మీద పెట్టిన నాలుగు మాటలు ఎంత విలువైనవో ఆ నివేదిక చదివితే అర్థమవుతుంది. వారం తర్వాత గుర్తుచేసుకుని చెప్పిన మాటకు ఆ బరువు రాదు.

కాబట్టి ఫిర్యాదు రాగానే రిఫరీ ఆటను ఆపాలి, లేదా బంతి బయటికి వెళ్లేదాకా ఆగి అప్పుడు తిరిగి మొదలుకాకుండా చూడాలి. ఫిర్యాదుదారుణ్ణి గుంపు నుంచి రెండడుగులు పక్కకు తీసుకెళ్లాలి. చుట్టూ పదిమంది అరుస్తుండగా అతను చెప్పేది సగమే వినపడుతుంది. శాన్ డియాగోలో జరిగిన అపార్థానికి కొంత కారణం అదే అయివుండవచ్చు. ఏమన్నాడో, ఏ భాషలో అన్నాడో, ఉన్నదున్నట్టు చెప్పమనాలి. అర్థం తెలియని భాష అయినా విన్న శబ్దాన్నే రాసుకోవాలి, మర్యాదగా మార్చి రాయకూడదు. 'అసభ్యంగా మాట్లాడాడు' అని రాసిన నివేదిక విచారణ సంఘానికి దేనికీ పనికిరాదు. బూతైనా సరే, అన్నది అన్నట్టే ఉండాలి. నిమిషం, మైదానంలో చోటు, ఇద్దరి జెర్సీ నంబర్లు, దగ్గర్లో నిలబడినవాళ్ల నంబర్లు రాసుకోవాలి. అసిస్టెంట్ రిఫరీలను, ఫోర్త్ అఫీషియల్‌ను వెంటనే అడగాలి. వాళ్లలో ఒక్కరు విన్నా, రిఫరీ తాను విన్నట్టే లెక్కించి రెడ్ కార్డు ఇవ్వవచ్చు. ఎవరూ వినకపోతే కార్డు లేదు. అప్పుడు ఆరోపణ వచ్చినవాణ్ణి, రెండు జట్ల కెప్టెన్లను పిలిచి 'ఈ ఫిర్యాదు నమోదైంది, నివేదికలో ఉంటుంది' అని స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క వాక్యం మైదానంలో చాలా పని చేస్తుంది. తిట్టినవాడు రెండోసారి నోరెత్తడు. తిట్టు పడ్డవాడికి తన మాట గాలికి పోలేదని నమ్మకం కలుగుతుంది.

ఆ నమ్మకం లేనిచోట ఏమవుతుందో ఫుట్‌బాల్ చాలాసార్లు చూసింది. 2006 జులై 9న బెర్లిన్‌లో ప్రపంచ కప్ ఫైనల్ 110వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు జినెదిన్ జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మార్కో మతెరాజీ ఛాతీపై గుద్దాడు. రిఫరీ హొరాసియో ఎలిజోండో అది చూడలేదు. ఫోర్త్ అఫీషియల్ చెప్పగా రెడ్ కార్డు ఇచ్చాడు. అంతకుముందు మతెరాజీ అన్న మాటలకు మైదానంలో శిక్ష లేదు. తర్వాత ఫిఫా జిదాన్‌కు మూడు, మతెరాజీకి రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. అది కుటుంబంలోని స్త్రీని ప్రస్తావించిన తిట్టే గాని జాతి దూషణ కాదు. అయినా వరుస మాత్రం ఎప్పుడూ ఇదే. మాట వినపడదు, దెబ్బ కనపడుతుంది. శిక్ష దెబ్బకే పడుతుంది. 2021 మార్చి 18న గ్లాస్గోలో రేంజర్స్, స్లావియా ప్రాగ్ మ్యాచ్‌లోనూ అంతే. ప్రాగ్ డిఫెండర్ ఆంద్రేయ్ కుదేలా చేతితో నోరు మూసుకుని రేంజర్స్ ఆటగాడు గ్లెన్ కమారా చెవిలో ఏదో అన్నాడు. కమారా అక్కడే రగిలిపోయాడు. విచారణ తర్వాత యూఈఎఫ్‌ఏ జాత్యహంకార ప్రవర్తనకు గాను కుదేలాకు పది మ్యాచ్‌ల నిషేధం వేసింది. మ్యాచ్ అయ్యాక టన్నెల్‌లో (మైదానం నుంచి డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లే దారిలో) కుదేలాపై చేయి చేసుకున్నందుకు కమారాకు మూడు మ్యాచ్‌లు. చేయి చేసుకోవడాన్ని ఏ రిఫరీ సమర్థించలేడు, సమర్థించకూడదు కూడా. కానీ తన ఫిర్యాదు మీద మైదానంలోనే ఎవరో బాధ్యత తీసుకున్నారని కనపడితే, అంత కోపం టన్నెల్ దాకా మిగిలేది కాదేమో.

నోరు కప్పుకుని మాట్లాడడం గురించి ఒక మాట. వ్యూహాలు ప్రత్యర్థి కెమెరాలకు చిక్కకుండా ఆటగాళ్లు, కోచ్‌లు చేతులు అడ్డుపెట్టుకోవడం మామూలే. అది సొంత జట్టువాడితో అయితే సరే. గొడవ జరుగుతుండగా ప్రత్యర్థి మొహం దగ్గరికి వెళ్లి నోరు కప్పుకున్నవాడికి దాచుకునే వ్యూహమేమీ ఉండదు. రిఫరీ దాన్ని కనీసం నివేదికలో రాయాలి. 'నంబర్ ఇంత ఆటగాడు నోరు కప్పుకుని ప్రత్యర్థి చెవి దగ్గర మాట్లాడాడు, ఆ వెంటనే ప్రత్యర్థి నా దగ్గరికి వచ్చాడు' అనే రెండు ముక్కలు రిఫరీ స్వయంగా చూసినవి. వాటికి ఎవరి సాక్ష్యమూ అక్కరలేదు.

వీడియో దృశ్యాలు చూసి రిఫరీకి సాయపడే వీఏఆర్ ఉందిగా అనేవాళ్లుంటారు. వీఏఆర్ గదిలో ఉన్నవాళ్లకు కెమెరాలున్నాయి గాని ఆటగాళ్ల పెదవుల దగ్గర మైకులు లేవు. పైగా ఆట ఒకసారి తిరిగి మొదలైతే, మాటల కోసం వెనక్కి వెళ్లడానికి వీఏఆర్ నిబంధనలు ఒప్పుకోవు. దాడి, ఉమ్మడం, కొరకడం, తీవ్రంగా అవమానించే చేష్టల వంటివాటికే ఆ అవకాశం ఉంది. కోతిని అనుకరిస్తూ చేసిన సైగ దొరుకుతుంది, కోతి అన్న మాట దొరకదు.

ఇక ఫిర్యాదు చేసినవాడికే కార్డు చూపే జబ్బు ఉంది. ప్రేక్షకుల విషయంలో దీనికి పేరుమోసిన ఉదాహరణ 2017 ఏప్రిల్ 30న ఇటలీలోని కాలియారీలో జరిగింది. స్టాండ్స్ నుంచి జాతి దూషణ వస్తోందని పెస్కారా ఆటగాడు సులీ ముంతారి రిఫరీకి చెబితే, వాదించాడని పసుపు కార్డు చూపారు. విసిగిపోయి బయటికి నడిస్తే అనుమతి లేకుండా వెళ్లాడని రెండో పసుపు కార్డు. దాని వల్ల పడిన ఒక మ్యాచ్ నిషేధాన్ని తర్వాత అప్పీలులో కొట్టేశారు. రిఫరీతో కెప్టెన్ మాత్రమే మాట్లాడాలనే పద్ధతి ఈమధ్య బలపడుతోంది. 2024 యూరో టోర్నీలో దాన్ని గట్టిగా అమలు చేశారు. నిర్ణయాల మీద గుంపులుగా ఎగబడడాన్ని ఆపడానికి అది మంచిదే. అయితే దూషణ ఫిర్యాదుకు ఆ పద్ధతి వర్తించదని ప్రతి రిఫరీ మ్యాచ్‌కు ముందే కెప్టెన్లకు చెప్పాలి. తిట్టు పడ్డవాడు కెప్టెన్‌ను వెతుక్కుని, అతని ద్వారా అర్జీ పెట్టుకోవలసిన పని లేదు. 2024 మేలో బ్యాంకాక్‌లో జరిగిన ఫిఫా కాంగ్రెస్ ఇందుకోసం ఒక సైగను ప్రవేశపెట్టింది. రెండు చేతులను మణికట్ల దగ్గర అడ్డంగా పెట్టి చూపితే, జాతి దూషణ జరిగిందని రిఫరీకి తెలియజేసినట్టు. భాష రాని చోట, హోరులో మాట వినపడని చోట ఇది నిజంగా పనికొస్తుంది. ఆ సైగ చేసినవాడికి ఆవేశపడ్డాడని కార్డు చూపితే మాత్రం దానికి అర్థమే ఉండదు.

ఆ సైగ చూశాక రిఫరీ మూడంచెల పద్ధతి మొదలుపెట్టాలి. ముందు ఆట ఆపడం, తర్వాత జట్లను డ్రెస్సింగ్ రూమ్‌కు పంపడం, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. ప్రేక్షకుల గోలకు ఇది సరిపోతుంది. ఆటగాళ్ల మధ్య తిట్టుకు మాత్రం దీన్ని ఉన్నదున్నట్టు వాడలేం. స్టాండ్స్‌లో నినాదం ఆగిందా లేదా అన్నది అందరికీ వినపడుతుంది. ఒకసారి అనేసిన మాట విషయంలో 'ఆగిందా' అని చూడడానికి ఏముంటుంది? 2021 ఏప్రిల్ 4న స్పెయిన్‌లో ఈ అతుకుల లోపం బయటపడింది. కాదిజ్ ఆటగాడు హువాన్ కాలా తనను జాతి పేరుతో తిట్టాడని వాలెన్సియా డిఫెండర్ ముక్తార్ దియాఖబీ అన్నాడు. వాలెన్సియా జట్టంతా బయటికి వెళ్లిపోయి, కొంతసేపటికి తిరిగి వచ్చింది. దియాఖబీ మాత్రం రాలేదు. అతను స్టాండ్స్‌లో కూర్చుంటే, కాలా విరామం దాకా ఆడాడు. కాలా ఆరోపణను ఖండించాడు, లీగ్ దర్యాప్తులో రుజువు దొరకలేదు. కాలాను శిక్షించి ఉండాల్సిందని అనలేం. ఫిర్యాదు చేసినవాడు బయట, ఆరోపణ వచ్చినవాడు లోపల అన్న స్థితి రాకుండా చూసే మార్గం నిబంధనల్లో లేదన్నదే సమస్య. నిందితుణ్ణి తప్పించే అధికారం రిఫరీకి లేదు, రుజువు లేకుండా ఉండకూడదు కూడా. కోచ్‌కు మాత్రం ఉంది. వేడి చల్లారేదాకా ఆ ఆటగాణ్ణి మార్చే ఆలోచన చేయమని రిఫరీ కోచ్‌కు సూచిస్తే నిబంధనేదీ అడ్డురాదు.

అబద్ధపు ఫిర్యాదుల భయం ఉంది. సమయం తినేయడానికో, ఎదుటి ఆటగాణ్ణి కలవరపెట్టడానికో ఇలాంటి ఆరోపణ చేస్తే ఎలా? పోయిన సమయాన్ని చివర్లో కలపవచ్చు. రిఫరీ తీర్పు చెప్పడం లేదు, నమోదు చేస్తున్నాడు గనుక నిందితుడికి మైదానంలో నష్టం లేదు. కావాలని అబద్ధమాడినట్టు తేలితే విచారణ సంఘం ఆ ఆటగాణ్ణి శిక్షించవచ్చు. పైగా ఫిర్యాదు చేసినవాళ్లు వేల మంది మధ్య పడిన అవమానాన్ని, ఆ తర్వాత సోషల్ మీడియాలో పడిన తిట్లను చూస్తే, సరదాకు ఆ పని చేసేవాళ్లు ఎందరో ఉంటారనుకోవడం కష్టం.

మన దగ్గర ఈ విషయం మాట్లాడుకునేటప్పుడు యూరప్ కథగా పక్కన పెట్టేస్తారు. 2023 సెప్టెంబర్‌లో కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్, బెంగళూరు మధ్య ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మ్యాచ్ తర్వాత, మేఘాలయకు చెందిన తమ ఆటగాడు ఐబన్ దోలింగ్‌ను జాతిపరంగా కించపరిచే సైగ చేశారని బ్లాస్టర్స్ క్లబ్ అధికారికంగా ఫిర్యాదు చేసింది. ఈశాన్య రాష్ట్రాల ఆటగాళ్లు లేకుండా భారత ఫుట్‌బాల్‌ను ఊహించలేం. వాళ్ల రూపాన్ని పట్టుకుని చేసే వెటకారం మాత్రం చాలామందికి తప్పుగా కూడా తోచదు. ఇక తెలుగు రాష్ట్రాల మైదానాల్లో జాతి కంటే ముందు వచ్చేది కులం. కులం పేరునే తిట్టుగా వాడడం ఊరి మ్యాచ్‌ల్లోనూ కాలేజీ మైదానాల్లోనూ వింటూనే ఉంటాం. ఫిఫా నియమావళి వివక్షను రంగుకే పరిమితం చేయలేదు. సామాజిక మూలం, పుట్టుక, మతం, భాష, వైకల్యం, సంపద కూడా అందులో ఉన్నాయి. సామాజిక మూలమన్నా పుట్టుకన్నా మన దేశంలో మొదట గుర్తొచ్చేది కులమే. అందువల్ల కులం పేరుతో తిట్టడం అభ్యంతరకరమైన మాటల్లోకెల్లా తీవ్రమైనదిగా, నేరుగా రెడ్ కార్డు ఇచ్చేదిగా మన రిఫరీలు చూడాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, ఎస్సీ, ఎస్టీలకు చెందిన వ్యక్తిని పదిమంది చూస్తుండగా కులం పేరుతో దూషించడం నేరం కూడా. ఆటగాళ్లు, ప్రేక్షకులు ఉన్న మైదానం కంటే పదిమంది చూసే చోటు ఏముంటుంది? రిఫరీ పోలీసు కాదు, కేసు పెట్టడం అతని పని కాదు. ఆ కుర్రాడు రేపు ఎవరి దగ్గరికి వెళ్లినా చేతిలో ఉండే మొదటి కాగితం మాత్రం రిఫరీ రాసినదే అవుతుంది.

చిన్న మ్యాచ్‌ల్లో ఇబ్బందులు ఎక్కువ. చాలాచోట్ల రిఫరీ ఒక్కడే, లైన్ మీద జెండా పట్టుకునేది రెండు జట్ల తరఫు కుర్రాళ్లే. హెడ్‌సెట్ లేదు, కెమెరా లేదు, ఫోర్త్ అఫీషియల్ లేడు. ఇలాంటి చోట మ్యాచ్‌కు ముందు రెండు నిమిషాల మాట ఎంతో ఉపయోగపడుతుంది. కెప్టెన్లను పిలిచి టాస్ వేసేటప్పుడే, కులం, మతం, రంగు, ప్రాంతం పేరుతో ఎవరైనా ఎవరినైనా అంటే హెచ్చరిక ఉండదని, నా చెవిన పడితే రెడ్ కార్డేనని, పడకపోయినా ఫిర్యాదు రాసుకుంటానని చెప్పాలి. జేబులో కార్డుల వెనకాల చిన్న కాగితం, పెన్సిలు ఎలాగూ ఉంటాయి. విరామంలో నీళ్లు తాగేలోపు రాసిన వివరం, మ్యాచ్ అయ్యాక ఇంటికి వెళ్లి గుర్తుచేసుకున్న వివరం కంటే ఎన్నో రెట్లు మేలు. పదిహేనేళ్ల పిల్లల మ్యాచ్ అయితే తిట్టు పడ్డ పిల్లవాణ్ణి 'ఆడగలవా' అని అడిగి, ఆడలేనంటే బలవంతం చేయకుండా చూడాలి. కోచ్‌కు, వీలైతే తల్లిదండ్రులకు చెప్పాలి.

రిఫరీల శిక్షణలో ఆఫ్‌సైడ్‌కు, చేతికి బంతి తగిలే నియమానికి గంటల తరబడి వీడియోలు చూపిస్తారు. ఫిర్యాదు ఎలా వినాలో, నివేదికలో ఏ మాట ఎలా రాయాలో నేర్పే సమయం దానితో పోలిస్తే చాలా తక్కువ. రాష్ట్ర, జిల్లా సంఘాలు ఏటా పెట్టే శిక్షణ తరగతుల్లో ఒక్క పూట దీనికి కేటాయిస్తే చాలు. ఒకరు తిట్టు పడ్డవాడిగా, ఒకరు నిందితుడిగా, ఒకరు రిఫరీగా నిలబడి నాలుగైదు సన్నివేశాలు నడిపి చూడాలి. ఆపైన ఒక్కొక్కరూ నివేదిక రాసి పక్కవాడికి ఇచ్చి, చదివినవాడికి జరిగింది అర్థమైందో లేదో అడగాలి.